పిల్లల్లేని ఇంటి ఫ్యామిలీ ప్లాన్

రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను పట్టుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు సాల్వ్ చేసిన పెద్ద ప్రాబ్లమ్ ఏమిటంకుల్ అని. టవర్ మీద మంచు పేరుకుపోతే ఏం చేశామో, పండగ రోజు నెట్‌వర్క్ కూలిపోతే ఎలా లేపామో చెప్పి పంపేస్తాను. వాళ్ళకి కావలసినవి అవే. నాకు ఊరికే కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది మాత్రం వేరే. అది సాల్వ్ అయిందో లేదో నాకే తెలియదు. ఆఫీసు లెక్కలో మాత్రం అయిందనే ఉంది.

నేను తీగల కాలం మనిషిని. కోస్తాలో ఒక చిన్న టౌన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మొదలుపెట్టి, కొన్నాళ్ళు అమెరికాలో చేసి, చివరికి టొరంటోలో ఒక చిన్న మొబైల్ కంపెనీలో స్థిరపడ్డాను. మిల్టన్‌లో ఇల్లు, పొద్దున్నే రైలు, సాయంత్రం మళ్ళీ అదే రైలు. తీగ ఉన్న రోజుల్లో నంబరంటే ఇల్లు. ఆ నంబరు నుంచి ఎవరైనా సాయం కావాలని అరిస్తే ఏ వీధికి పరిగెత్తాలో ఎక్స్ఛేంజీలో కూర్చున్నవాడికి తెలిసిపోయేది. ఇప్పుడు నంబరు మనిషితో పాటు తిరుగుతుంది. అంబులెన్స్ మాత్రం ఇప్పటికీ ఇంటికే రావాలి. నేను చెప్పబోయే గందరగోళమంతా ఈ రెంటి మధ్యలో పుట్టిందే.

మా కంపెనీ చిన్నదన్నాను కదా, టవర్లూ తక్కువే. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది ఉండేది బేస్‌మెంట్లలో. బేస్‌మెంట్లో మా సిగ్నల్ ఉండదు. అందుకని వైఫై కాలింగ్ పెట్టాం. అంటే ఫోన్ టవర్‌ని వెతుక్కోకుండా ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ మీదుగానే కాల్ పంపేస్తుంది. ఆ ఇంట్లో ఇంటర్నెట్ ఎవరిది? మాకు పోటీగా ఉన్న పెద్ద కంపెనీది. పక్కింటివాడి పొయ్యి మీద మన అన్నం వండుకోవడమన్నమాట. వాళ్ళకి ఒళ్ళు మండేది, మాకు నవ్వొచ్చేది.

ఈ వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఒక అడ్రస్ అడగాలి. ఎమర్జెన్సీకి ఫోన్ చేసి మనిషి మాట్లాడలేకపోతే పోలీసులూ అంబులెన్సూ ఆ అడ్రస్‌కే వెళ్తారు. పెద్ద కంపెనీ యాప్‌లో ఆ పేజీ దాకా వచ్చి, విసుగుపుట్టి, సగంమంది మానేసేవారు. మా మార్కెటింగ్ వాళ్ళు అది కనిపెట్టి, అకౌంట్లో ఉన్న అడ్రస్‌నే ఎత్తి అక్కడ పడేసే ఏర్పాటు చేశారు. వేలితో ఒక్కసారి నొక్కితే చాలు, పని అయిపోతుంది. పెద్ద కంపెనీని వెనక్కి నెట్టామని ఆఫీసులో కేకు కోశారు. బాగుందని నేనూ రెండో ముక్క తిన్నాను.

ఆ మరుసటి వసంతంలో మా మేనేజర్ నన్ను పిలిచింది. చండీగఢ్ వైపు నుంచి వచ్చిన మనిషి, మాట కటువు, మనసు మంచిది. రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఇంటికి పోలీసు కారూ అంబులెన్సూ పదేపదే వస్తున్నాయట. ఆ ఇంటివాళ్ళు మేము పిలవలేదంటున్నారు. కాల్ మాత్రం వాళ్ళ అకౌంట్లోని ఫోన్ నుంచే వెళ్ళినట్టు మా రికార్డు చెబుతోంది. పోలీసులు మర్యాదగానే అడుగుతున్నా ఈసారి గొంతు కొంచెం మారిందట.

"వాళ్ళు మీ భాషవాళ్ళు. వెళ్ళి కాఫీ తాగి, అసలు సంగతి కనుక్కుని రా," అంది.

ఇంటి ముందు చలికాలం పోయినా ఇంకా గోడకి ఆనించి ఉన్న మంచు పార, గుమ్మం పక్కన ఇద్దరికి కావలసిన దానికన్నా చాలా పెద్ద చెప్పుల స్టాండు. తలుపు తీసినాయన బ్యాంకులో పనిచేసి రిటైరైన గుంటూరు వైపు పెద్దమనిషి. ఆయన భార్యది వరంగల్. ఇద్దరిదీ చెరో యాస. ఇన్నేళ్ళ కాపురంలో అవి కూడా కొంత రాజీ పడ్డాయి.

"ఏమో బాబూ, వస్తున్నరు, ఇల్లంతా చూస్తున్నరు, పోతున్నరు," అందావిడ కాఫీ ఇస్తూ. "ఎవరికి ఏమైందని అడుగుతరు. ఎవరికీ ఏం కాలేదంటే నమ్మరు."

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అన్నాను.

"మేమిద్దరమే," అన్నారాయన.

"అకౌంట్లో తొమ్మిది నంబర్లున్నాయి కదా?"

"అవి మా పిల్లలవండీ."

"ఏడుగురు పిల్లలా?"

"మాకు పిల్లల్లేరు," అన్నారాయన, కాఫీ చల్లారిపోతుంది తాగండి అన్నంత మామూలుగా.

నేను నంబర్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. అప్పుడావిడ నవ్వి విషయం చెప్పింది. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది. మనవాళ్ళెవరైనా కొత్తగా దిగితే, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళైనా సరే, ఉద్యోగం దొరికేదాకా ఆ గదిలో ఉంటారు. వచ్చిన మర్నాడే ఫోన్ కావాలి. కొత్తవాళ్ళకి ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు, సొంత పేరు మీద కనెక్షన్ ఇవ్వరు కాబట్టి పెద్దాయన తన ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో లైను కలిపేవారు. వాళ్ళు వెళ్ళిపోయినా లైను వెళ్ళిపోయేది కాదు. అది ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారని ఆవిడ నమ్మకం. ఆవిడ ఫోన్‌లో మా కంపెనీ యాప్ తెరిస్తే అందరి పేర్లూ వరసగా కనిపిస్తాయి, పక్కన 'ఫ్యామిలీ మెంబర్' అని. అది రాసింది మేమే. అమ్ముకోవడానికి రాసుకున్న మాటని ఒకరు నిజంగానే తీసుకుంటారని మాకు తట్టలేదు.

అడ్రస్ ఎందుకు తప్పిందో నాకక్కడే అర్థమైంది. ఎవరు ఎక్కడికి వెళ్ళినా అకౌంట్ అడ్రస్ ఇదే. వాళ్ళ వైఫై కాలింగ్‌లో పడ్డదీ ఇదే. ఇక మిగిలింది కాల్ ఎవరు చేశారన్నది. నంబరు చెప్పాను. అన్ని కాల్సూ ఒకే ఫోన్ నుంచి వెళ్ళాయి.

"అది మా మిల్టన్ పిల్లది," అన్నారు పెద్దాయన. పెళ్ళైన కొత్తలో భర్తతో పాటు వచ్చి చాలా నెలలున్న అమ్మాయట. ఇప్పుడు మిల్టన్‌లో కొత్త టౌన్‌హౌస్‌లో బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్నారు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదట, ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందట.

ఆయన స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. చేసేలోపే ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది, పోలీసుల మాట ఎత్తొద్దని. ఆయన తలూపారు.

"అమ్మా, నీ ఫోన్ నుంచి ఎమర్జెన్సీకి ఏమన్నా కాల్ వెళ్ళిందా? ఊరికేనే, కంపెనీ ఆయన అడుగుతున్నారు."

"లేదంకుల్. నేనెందుకు చేస్తాను. నాకేమైందని?" అంది.

"ఆరోగ్యం బాగుందా బిడ్డా?" అని ఆవిడ దూరం నుంచే అరిచింది.

"ఫస్ట్ క్లాస్‌గా ఉన్నానాంటీ. మీరెలా ఉన్నారు?"

"మాకేం, బానే ఉన్నం. ఇక్కడ ఏ గొడవా లేదు."

నేను ఫోన్ తీసుకుని, మీ ఎమర్జెన్సీ అడ్రస్ ఇంకా రిచ్‌మండ్ హిల్‌దే ఉంది, ఇవాళే మార్చుకోమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి తటపటాయించింది. "ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ అప్లై చేశామంకుల్. అది వచ్చేదాకా ఎక్కడా అడ్రస్ మార్చొద్దని, అన్ని చోట్లా ఒకటే ఉండాలని మావాళ్ళు చెప్పారు," అంది. ఇమిగ్రేషన్ వాళ్ళకీ దీనికీ ఏ సంబంధమూ లేదని నెమ్మదిగా విడమరిచి చెప్పాను. సరే మార్చుకుంటానంది. మార్చుకోలేదు. ఆమె ఒప్పుకోకుండా మేము మార్చడానికి వీల్లేదు.

ఆఫీసుకి తిరిగొచ్చి తల పట్టుకున్నాను. ఫోన్ నుంచి కాల్ వెళ్ళిందని యంత్రం అంటోంది. చేయలేదని మనిషి అంటోంది. ఆ మనిషి గొంతు వింటే అబద్ధాలాడేదిలా లేదు. పోనీ, ఎవరైనా ఆమె నంబరుని దొంగిలించి వాడుతున్నారా? మా మేనేజర్‌కి ఆ అనుమానం బాగా నచ్చింది. దొంగ అంటూ ఉంటే తప్పు మాది కాదు కదా. ఇంటర్నెట్ పెద్ద కంపెనీది కాబట్టి లొసుగు అక్కడుండాలని తేల్చింది. నేను వాళ్ళ ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"మా తీగలో మీ కాల్ వెళ్ళింది. అందులో ఏముందో మేము చూడం. అయినా మీ కాల్స్ మా మీదుగా ఎందుకు పంపుతున్నారు, టవర్లు కట్టుకోవచ్చుగా?" అన్నాడతను.

"అడ్రస్ పేజీ అంత పొడుగ్గా పెట్టి జనాన్ని మా వైపు తోలింది మీరేగా," అన్నాను నేను.

ఇద్దరం కాసేపు అలా మా కంపెనీల తరఫున పోట్లాడుకుని ఫోన్ పెట్టేశాం. ఇద్దరిలో ఏ ఒక్కరం కూడా, పోనీ ఆ పిల్ల నిజంగానే ఫోన్ చేసిందేమో అనలేదు. రోజూ సాయంత్రం రైల్లో మిల్టన్‌లోనే దిగేవాణ్ణి. ఆ అమ్మాయి ఉండేది మా ఊళ్ళోనే. ఒకసారి వెళ్ళి మొహం చూసొస్తే పోయేది. అదీ తట్టలేదు. నెట్‌వర్క్‌లో పడ్డ చిక్కుని నెట్‌వర్క్‌లోనే వెతకడం నాకు అలవాటైపోయింది.

ఈలోగా మేనేజర్ ఒక నిర్ణయానికొచ్చింది. ఫ్యామిలీ ప్లాన్ అంటే ఒకే కప్పు కింద ఉండేవాళ్ళకే, అది మొదట్నించీ రూలు. ఆ తొమ్మిదిలో ఏడు లైన్లు తీసేయాలి. ఆ మాట చెప్పడానికి నన్నే మళ్ళీ పంపింది. చెప్పలేక కాఫీ తాగి వచ్చాను. ఇంకోసారి వెళ్ళాను. ఆ రోజు ఉప్మా కూడా పెట్టారు. తింటూ మెల్లగా విషయంలోకి దిగుతుంటే బయట సైరన్ వినిపించింది.

పోలీసు కారు గుమ్మం ముందే ఆగింది. వెనకాలే అంబులెన్స్. పెద్దాయన మొహం ఎర్రబడింది. తలుపు తీసి, చేతులు జోడించినంత పని చేసి, "సారీ ఆఫీసర్, మళ్ళీ పొరపాటే. మా ఇంట్లో అందరూ బాగున్నారు. ఇదిగో కంపెనీ ఆయన కూడా ఇక్కడే ఉన్నారు, చూస్తున్నారు," అన్నారు. ఆ ఆఫీసరు లోపలికి తొంగిచూశాడు. ఉప్మా ప్లేటుతో నిలబడ్డ నన్ను చూశాడు. కాల్ వచ్చి తెగిపోయిందనీ, అవతల ఎవరూ మాట్లాడలేదనీ, తిరిగి చేస్తే ఎత్తడం లేదనీ చెప్పాడు. ఇల్లంతా ఒకసారి చూసి వెళ్ళడానికి సిద్ధమయ్యాడు.

అప్పుడు నాకు కలిగిన అయోమయం ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఒక పక్క, నేను బాగున్నానన్న ఆ అమ్మాయి గొంతు. ఇంకో పక్క, ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ అంబులెన్స్. మనిషి మాట కొట్టిపారేసి యంత్రం మాట నమ్మడం నాకెప్పుడూ ఇష్టం ఉండదు. కానీ పెద్దావిడని చూశాను. ఈ మనిషి ఫోన్‌లో ఏం చెప్పింది? ఇక్కడ ఏ గొడవా లేదని. పోలీసులు వచ్చి వెళ్తుంటే ఏ గొడవా లేదని చెప్పింది. అలాంటప్పుడు అవతలి మనిషి చెప్పింది మాత్రం నిజమని ఎందుకనుకోవాలి?

"ఆగండి," అన్నాను ఆఫీసరుతో. "కాల్ ఇక్కడ్నుంచి రాలేదు. మిల్టన్ నుంచి వచ్చింది. అక్కడొక అమ్మాయికి ఊపిరి ఆడడం లేదనుకుంటున్నాను."

"అడ్రస్?" అన్నాడు.

పెద్దాయనకి తెలిసింది వాళ్ళ పాత అపార్ట్‌మెంట్ అడ్రసే. డిసెంబర్‌లో మారారు. వాళ్ళే ఇక్కడికి వస్తారు కానీ వీళ్ళెప్పుడూ వెళ్ళలేదు. కొత్త టౌన్‌హౌస్ అని తెలుసు, దగ్గర్లో బడి ఉందని తెలుసు. మిల్టన్‌లో బడి పక్కన కొత్త టౌన్‌హౌస్‌లంటే సగం ఊరు. ఆ అమ్మాయి భర్త నంబరుకి చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు. పెద్దావిడ ఫోన్ లాక్కుని తనే చేసింది. అతను మీటింగ్‌లోంచి బయటకి వచ్చి ఎత్తాడు.

"ఇంటి అడ్రస్ చెప్పు," అంది. హలో లేదు, ఏమీ లేదు. "అడగకు. చెప్పు."

అతను చెబుతుంటే నేను ఆఫీసరుకి చెప్పాను, ఆఫీసరు రేడియోలో చెప్పాడు. గుమ్మం ముందున్న అంబులెన్స్ సైరన్ లేకుండా మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇక్కణ్నుంచి గంట దూరంలో ఉన్న మిల్టన్‌కి వెళ్ళేది అది కాదు, అక్కడ ఇంకొకటి బయల్దేరుతుంది. ఆ సంగతి తెలియని పెద్దావిడ, ఇంత నెమ్మదిగా పోతే ఎట్లా అని గుమ్మంలో నిలబడి ఏడ్చింది. చూస్తుంటే నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంపెనీ మీదా, కేకు మీదా, అందరి మీదా కోపం వచ్చింది.

ఆ అమ్మాయి బతికింది. బేస్‌మెంట్ మెట్ల కింద పడిపోయి ఉందట, పెదాలు నీలంగా. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడట. వసంతం వచ్చి చెట్లు పూసినప్పుడల్లా ఆయాసం తిరగబెడుతోంది. ముందుసార్లు కూడా ఆమే ఫోన్ చేసింది. మాట రాక పెట్టేసి, ఇన్‌హేలర్‌తో ఎలాగో తేరుకుని, అంబులెన్స్ ఎందుకో రాలేదు, పోనీలే, పీఆర్ అప్లికేషన్ ఉండగా పోలీసుల గొడవెందుకు అనుకుంది. తిరిగి వచ్చిన కాల్ భయపడి ఎత్తలేదు. పెద్దాయన అడిగినప్పుడు అబద్ధమెందుకు చెప్పిందంటే, పక్కనే ఆంటీ వింటూ ఉంటుందని తెలుసు కాబట్టి. తెలిస్తే మోకాళ్ళ నొప్పులతో బస్సులు మారి వచ్చేస్తుందని.

"కంగారు పడతారని చెప్పలేదాంటీ," అందట ఆసుపత్రిలో.

"నేనూ అందుకే చెప్పలేదు," అందట ఈవిడ.

దొంగా లేడు, లొసుగూ లేదు. మా నెట్‌వర్కూ, పెద్ద కంపెనీ తీగా రెండూ చక్కగా పనిచేశాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరికున్న ప్రేమకొద్దీ ఒకే కాల్‌ని చెరో సగం దాచిపెట్టుకున్నారు. దీన్ని రిపోర్టులో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. 'యూజర్ ఎర్రర్' అని రాయడానికి చెయ్యి రాలేదు. మేనేజర్ అంతా విని, లైన్లు తీసేయాలన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకే నొక్కుడు ఏర్పాటు తీసేసి, అడ్రస్ పేజీ మళ్ళీ పెట్టించింది. మార్కెటింగ్ వాళ్ళు నెల రోజులు మాతో మాట్లాడలేదు.

నాకు మిగిలిన పని, ఆ ఇంటికి వెళ్ళి, ఏడుగురినీ ఒక్కొక్కరినే ఫోన్‌లోకి పిలిచి, వాళ్ళ అసలు అడ్రస్‌లు పెట్టించడం. విండ్సర్‌లో ఒకరు, మిల్టన్‌లో ఇద్దరు, మిగతావాళ్ళు తలా ఒక చోట. పెద్దాయన పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచూశారు. పెద్దావిడ మాత్రం దూరంగా కూర్చుని చూస్తోంది. అంతా అయ్యాక, ఇంక మీ ఇంటికి ఎవరూ రారమ్మా, నిశ్చింతగా ఉండండి అన్నాను.

"ఎవరూ రారా?" అంది.

"రారు. ఎవరికి ఏమైనా వాళ్ళ ఇంటికే వెళ్తారు."

ఆవిడ ఆలోచించింది. "మరి వాళ్ళకేమన్నా అయితే మాకెట్ల తెలుస్తది బాబూ? వాళ్ళయితే చెప్పరు కదా. ఆ అంబులెన్స్ ఒక్కటే వచ్చి చెప్పింది."

పెద్దాయన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను బ్యాగు సర్దుకుని బయటపడ్డాను. రైల్లో దారంతా, నేను బాగుచేసింది ఏమిటా అని ఆలోచించాను. ఇప్పుడు ఏ కాల్ ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది. తప్పు ఒక్కటీ లేదు. అయినా ఆ ఇంట్లోంచి ఏదో పట్టుకొచ్చేసినట్టే ఉంది.

రిటైరయ్యాక కూడా ఆవిడ నాకు ఫోన్ చేస్తూనే ఉంది. కంపెనీ మనిషిని కాబట్టి నాకు అన్నీ కనిపిస్తాయని ఆవిడ లెక్క. ఉద్యోగంలో ఉన్నప్పుడే కనిపించవు, ఇప్పుడసలు కనిపించవు అంటే వినదు. ఆ పెద్దవాళ్ళింట్లో రెండు మూడుసార్లు కలిసిన మిల్టన్ అమ్మాయిని పోయిన వసంతంలో మా వీధిలోని బేకరీ దగ్గర చూశాను. చేతికి ఆసుపత్రి పట్టీ ఇంకా ఉంది. మూడు రోజులుండి ఆ పొద్దున్నే వచ్చిందట. నన్ను చూసి గబుక్కున స్వెటర్ చెయ్యి కిందికి లాక్కుంది.

"ఈసారి అంబులెన్స్ వెంటనే వచ్చిందంకుల్, మీ దయవల్ల. ఆంటీకి మాత్రం చెప్పకండి, ప్లీజ్," అంది.

ఆ ఆదివారమే ఆవిడ ఫోన్. పిల్లలందరూ బాగున్నారా బాబూ, నీకేమన్నా తెలుస్తదా అని. ఆ మాట ఈసారి నా నోటి నుంచే వచ్చింది.

"అందరూ బాగున్నారమ్మా. ఏ గొడవా లేదు."